నెల్లూరులో చేయించుకున్న జల్లెడలు, నెల రోజులు వాడాక

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక పాత షాపులో మూడు పెట్టె జల్లెడలు చేయించుకున్నాను. రైసుమిల్లులకీ పిండిమరలకీ జాలీలు బిగించే షాపు అది. నాకు మాత్రం కావాల్సింది బియ్యం కోసం కాదు, జంతువుల పళ్ళ కోసం. నేను ఒక మ్యూజియంలో పాతకాలపు క్షీరదాల శిలాజాల మీద పనిచేస్తాను.

శిలాజం అనగానే అందరికీ ఏనుగంత ఎముకలే గుర్తొస్తాయి. నిజానికి మేం వెతికే జంతువుల్లో చాలావరకు ఎలుక, చుంచు సైజువి. వాటి ఎముకలు నలిగిపోతాయి, మిగిలేది పళ్ళే, ఎందుకంటే పంటి మీద ఉండే ఎనామిల్ ఒంట్లో అన్నిటికంటే గట్టిది. ఆ పన్ను మీద గుబ్బలు ఎలా ఉన్నాయో చూస్తే అది ఏం తిని బతికిందో, దేనికి చుట్టమో చాలావరకు తెలిసిపోతుంది. వికారాబాద్ దగ్గర నస్కల్‌లో దొరికిన డెక్కనోలెస్టిస్ అలాంటిదే. డైనోసార్ల కాలంలో చివరి భాగమైన క్రెటేషియస్ నాటి క్షీరదం మన దేశంలో దొరకడం అదే మొదలని జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని గార్లు 1988లో నేచర్ పత్రికలో రాశారు. అంత పెద్ద మాటకి ఆధారం వేలి గోరు మీద పట్టే పళ్ళు. అలాంటివి దొరకాలంటే బస్తాలకొద్దీ మట్టి నానబెట్టి, కడిగి, జల్లించి, అడుగున మిగిలిన నలుసుని మైక్రోస్కోపు కింద గింజ గింజా ఏరాలి. అందుకే జల్లెడ బాగుండకపోతే తర్వాత ఎంత చదివినా ఏం లాభం లేదు.

అంతకుముందు ఆన్‌లైన్‌లో కొన్న ల్యాబ్ జల్లెడలు గుండ్రంగా ఎనిమిది అంగుళాలవి. కొలత పక్కాగానే ఉంటుంది కానీ ఒక బస్తా మట్టి కడగడానికి పొద్దున కూర్చుంటే సాయంత్రం అవుతుంది. నాకు కావాల్సింది అడుగున్నర పెట్టెలు, ఒకదాని మీద ఒకటి కూర్చునేవి, పైన 10 నంబరు జాలీ, మధ్యలో 20, కింద 40, అంటే అంగుళానికి 40 కన్నాలు.

షాపు పెద్దాయన విని, "ఏంది పాపా, 40 నంబర్ దేనికి? రవ్వ జల్లించేదానికా?" అన్నాడు. పని చెప్పాను. "అయితే నీళ్ళలో నానద్దా, మామూలు జాలీ తుప్పు పడద్ది, స్టీలుదే ఎయ్యాల" అని నేను అడగకముందే ఆయనే అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

నాలుగు రోజుల్లో ఇచ్చారు. మట్టి కడిగే ముందు నేను ఏ జల్లెడనైనా ఒక పరీక్ష పెడతాను. మా ఊళ్ళో పాత ధాన్యం కొట్టులో గుడ్లగూబలు ఉంటాయి, అవి కక్కిన ఉండల్లో ఎలుకల దవడలు శుభ్రంగా దొరుకుతాయి. వాటిలోంచి 20 పళ్ళు లెక్కపెట్టి తీసి, ఒక బకెట్ చెరువు మట్టిలో కలిపి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి కడిగాను. 18 వచ్చాయి. మిగతా రెండూ ఎక్కడున్నాయంటే, కింద జల్లెడ మూలలో, జాలీకీ చెక్కకీ మధ్య సన్నటి సందులో. అగ్గిపుల్లతో గీస్తే బయటికొచ్చాయి, వాటితో పాటు చిటికెడు ఇసుక కూడా.

ఇది చిన్న తప్పులా కనపడుతుంది కానీ మా పనిలో దీనికంటే పెద్ద తప్పు లేదు. ఇవాళ ఒక చోటి మట్టి కడుగుతాను, రేపు ఇంకో చోటిది. ఆ సందులో ఇరుక్కున్న పన్ను రేపటి మట్టిలో తేలితే ఒక జంతువు వయసు కోట్ల ఏళ్ళు మారిపోతుంది, ఆ తప్పు నా తర్వాత వచ్చేవాళ్ళు కూడా మోస్తారు.

తీసుకెళ్ళి చూపించాను. విసుక్కోలేదు, రెండోసారి డబ్బు అడగలేదు. మూలల మీదుగా రేకు పట్టీ వంచి, చుట్టూ టంకం పెట్టి, వేలితో తడిమి చూసుకుని మరీ ఇచ్చాడు. మళ్ళీ అదే పరీక్ష పెట్టాను, ఈసారి 19. ఇరవయ్యోది జల్లెడలో ఎక్కడా లేదు, బహుశా కడిగిన టబ్బులోకి పోయుంటుంది, అది నా చేతి లోపమే.

టంకం పెడుతున్నంతసేపూ ఇంటర్ బైపీసీ చదివే ఆయన మనవరాలు పక్కనే కూర్చుని ఒకటే ప్రశ్నలు. ఈ ఉద్యోగానికి ఏం చదవాలక్కా అంది. డిగ్రీలో జియాలజీ ఉండేలా చూసుకో, తర్వాత ఎమ్మెస్సీ, నెట్, పీహెచ్‌డీ, లేదా యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరొచ్చు, నేను మన తిరుపతిలోనే చదివాను అని చెప్పాను. పోస్టులు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి అని కూడా చెప్పాను, దాచడం నాకిష్టం లేదు.

రంగారావు గారనే భూగర్భ శాస్త్రవేత్త సంగతి కూడా చెప్పాను. ఆయన జమ్మూ ప్రాంతంలో కాలాకోట్ దగ్గర ఏరిన కొన్ని పళ్ళు, దవడ ముక్కలు చూసి ఆ జంతువుకి 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక పగలగొట్టని రాళ్ళు ఇంకా మిగిలిపోయాయి. ఆయన భార్య వాటిని హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రవేత్తకి ఇచ్చారు. ఆ రాళ్ళలోంచి తీసిన ఒక పుర్రెలో చెవి ఎముక పొరపాటున విరిగితే, లోపలి గోడ తిమింగలాల చెవి లాగా మందంగా కనపడింది. తిమింగలాలకి దగ్గర బంధువు ఈ చిన్న జంతువేనని 2007లో ప్రకటించారు. ఆ రాళ్ళని ఇంట్లో చెత్త అనుకుని పారేసి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను. ఆ పిల్ల జల్లెడ మూల వేలితో తడుముతూ వింది.

మూడింటికీ కలిపి 3,600 తీసుకున్నారు, చెక్క వేపది, నెల నుంచి వాడుతున్నా ఎక్కడా ఉబ్బలేదు. బిల్లు మీద జాలీ నంబరు రాయరు, అడిగి రాయించుకోవాలి. 40 నంబరు స్టీలు జాలీ ఎప్పుడూ స్టాకు ఉండదట, చెన్నై నుంచి తెప్పిస్తారు, వారం ముందు చెప్పండి. మూలలకి రేకు పట్టీ మొదట్లోనే అడగండి, ఫ్రేము మీద నంబర్లు కూడా కొట్టించుకోండి, ఏ జల్లెడ ఏ చోటి మట్టికి వాడారో పుస్తకంలో రాసుకోవడానికి పనికొస్తుంది.