బ్రాయిలర్ దాణాలో యాంటీబయాటిక్‌కు బదులు మొక్కల సారాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్ల క్రితం వరకు నా బ్రాయిలర్ షెడ్లకు వచ్చే దాణాలో ఎదుగుదల కోసం కలిపే యాంటీబయాటిక్ ఉండేది. టన్నుకు గ్రాముల లెక్కన పడే ఆ మందు గురించి నేను ప్రత్యేకంగా ఆలోచించిన రోజు లేదు. ఉప్పు, సున్నపురాయి పొడి లాగే అదీ దాణాలో ఒక భాగమనుకున్నాను. ఇకపై అది లేకుండా పెంచిన కోళ్లనే తీసుకుంటామని కొనేవారు ముందుగానే చెప్పడంతో ప్రత్యామ్నాయం వెతుక్కోవలసి వచ్చింది. మొదటి మూడు బ్యాచ్‌ల వరకు ఒక షెడ్డుకు పాత దాణా, రెండో షెడ్డుకు మొక్కల సారం కలిపిన దాణా పెట్టి చూశాను. తర్వాత రెండు షెడ్లలోనూ యాంటీబయాటిక్ మానేశాను.

కోడిపిల్లల దాణాలో కొద్దిపాటి యాంటీబయాటిక్ ఉంటే అవి త్వరగా ఎదుగుతాయని 1940ల చివర్లోనే తెలిసింది. అలా తక్కువ మోతాదులో నిరంతరం ఇస్తే మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందన్న ఆందోళనతో స్వీడన్ 1986లో ఆ వాడకాన్ని నిషేధించింది. యూరోపియన్ యూనియన్‌లో 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆగిపోయింది. మొక్కల సారాలు అమ్మేవారు ఇంతమంది కావడానికి ఆ ఖాళీయే కారణం. అందుకే ఆ సరుకులో నాణ్యమైనదీ ఉంది, వట్టి పరిమళమూ ఉంది.

నేను మొదట వాడినది కార్వక్రాల్, థైమాల్ ప్రధానంగా ఉన్న నూనెల పొడి. ఒరిగానో, థైమ్ మొక్కల్లో ఉండేవి ఇవే. వాముకు ఆ ఘాటైన వాసన వచ్చేది కూడా థైమాల్ వల్లనే. ఇవి బ్యాక్టీరియా కణం పైపొరలోకి చొచ్చుకుపోయి దాన్ని చిల్లులు పడేలా చేస్తాయి. ఈ మాట ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది, అబద్ధమూ కాదు. అయితే ప్రయోగశాలలో బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన గాఢత వేరు, టన్ను దాణాలో కొన్ని వందల గ్రాములు కలిపినప్పుడు కోడి పేగులో చివరికి మిగిలే గాఢత వేరు. పూత లేని నూనెలో ఎక్కువ భాగం పేగు మొదటి భాగంలోనే రక్తంలోకి పీల్చుకుపోతుంది. మనకు అసలు ఇబ్బంది తెచ్చే బ్యాక్టీరియా ఉండేది ఇంకా కిందికి. కాబట్టి వీటిని యాంటీబయాటిక్‌లా సూక్ష్మజీవులను చంపే మందుగా కాక, జీర్ణరసాలను పెంచి పేగు గోడ వాపును తగ్గించే సహాయకారిగా చూడటమే న్యాయమని నా అభిప్రాయం.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ముక్కుతో నాణ్యత కొలవడం. దాణా మిల్లులో పిండిని నొక్కి పెల్లెట్లు (చిన్న దాణా ముక్కలు) చేస్తున్నప్పుడు ఆ ప్రాంగణమంతా వాము ఘాటు కమ్ముకుంటే, మంచి సరుకు దొరికిందని సంతోషించాను. ఆ వాసన గాలిలో ఉందంటే ఆ నూనె దాణాలో లేనట్టేనని తట్టడానికి నాకు రెండు బ్యాచ్‌లు పట్టింది. ఇవి త్వరగా ఆవిరయ్యే నూనెలు. పెల్లెట్ చేసే ముందు ఆవిరితో పిండిని 80 డిగ్రీల దాకా వేడి చేసినప్పుడు పూత లేని నూనెలో చాలా భాగం ఎగిరిపోతుంది. ఇప్పుడు కొవ్వు పూత ఉన్న నూనె గుళికలే తీసుకుంటున్నాను. బస్తా విప్పగానే వాసన గుప్పుమంటే పక్కన పెడతాను. చిటికెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో గట్టిగా నలిపాక ఘాటు బయటపడితే పూత చెడలేదని నమ్ముతాను. ఇది శాస్త్రీయ పరీక్ష కాదు, కానీ పగిలిన గుళికలున్న ఒక లాట్‌ను ఇలాగే పట్టుకుని వెనక్కి పంపాను.

ఫలితం విషయానికి వస్తే, ఎఫ్‌సీఆర్‌లో, అంటే కిలో బరువు పెరగడానికి కోడి తినే దాణా లెక్కలో, నాకు కనిపించిన తేడా రెండో దశాంశ స్థానం దాటలేదు. ఒకసారి యాంటీబయాటిక్ షెడ్డు ముందుంటే ఇంకోసారి సారం షెడ్డు ముందుండేది. ఏ మందూ మార్చకపోయినా రెండు షెడ్ల మధ్య ఆ మాత్రం తేడా వస్తుంది. నా రెండో షెడ్డుకు గాలి బాగా తగులుతుంది. అందువల్ల ఒక్క బ్యాచ్ లెక్క చూపించి దాణా ఆదా అయిందని చెప్పేవారి మాట నేను పట్టించుకోను.

నిజంగా మార్పు కనిపించింది లిట్టర్‌లో, అంటే షెడ్డు నేల మీద పరిచే పొట్టులో. పద్దెనిమిదో రోజు నుంచి ఇరవై అయిదో రోజు వరకు నిపుల్ లైన్ల (కోళ్లు ముక్కుతో నొక్కి నీళ్లు తాగే గొట్టాల) కింద లిట్టర్ తడిసి అట్టకట్టడం నా షెడ్లలో పాత జబ్బు. ఆ చోటు నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండి వదిలితే, ఆరోగ్యంగా ఉన్న లిట్టర్ కొద్దిగా ముద్దకట్టి వెంటనే విడిపోవాలి. నా చేతిలో అది లడ్డూలా నిలిచిపోయేది. పూత గుళికలు మొదలుపెట్టాక రెట్ట గట్టిపడింది, ముద్ద విడిపోవడం మొదలైంది, పాదాల కింద నల్లటి పుండ్లున్న కోళ్లు తగ్గాయి. అమ్మోనియా వాసన కూడా తగ్గింది, కానీ ఆ ఘనత ఎవరిదో చెప్పడం కష్టం; ఎందుకంటే యుక్కా అనే ఎడారి మొక్క సారం ఉన్న మిశ్రమానికి మారిన నెలలోనే ఫ్యాన్లు కూడా బాగు చేయించాను. నిలబడి కాక, కోడి తల ఎత్తున గొంతుక్కూర్చుని పీల్చినప్పుడే ఆ వాసన సంగతి తెలుస్తుందన్న పాఠం మాత్రం అప్పుడే నేర్చుకున్నాను.

దెబ్బతిన్న బ్యాచ్ గురించి దాచకుండా చెప్పాలి. రెండో ఏడాది ఒక విక్రేత తన మిశ్రమం కాక్సీడియోసిస్‌ను, అంటే ఐమీరియా అనే పరాన్నజీవుల వల్ల వచ్చే పేగు జబ్బును కూడా అదుపు చేస్తుందని చెప్పాడు, బస్తా మీద కూడా అలాగే ఉంది. ఆ మాట నమ్మి దాణాలోంచి కాక్సీడియా నివారణ మందును కూడా ఒకేసారి తీసేశాను. ఇరవై రెండో రోజు ఉదయానికి చచ్చిన కోళ్లు మామూలు కంటే ఎక్కువ కనిపించాయి. మిగిలినవి రెక్కలు వాల్చి కళ్లు మూసుకుని మూలల్లో గుంపుకట్టాయి. పశువైద్యుడు ఒకదాన్ని కోసి చూపించాడు. చిన్నపేగు గాలి నిండి ఉబ్బి, ముట్టుకుంటే చిరిగిపోయేంత పలచబడింది. లోపలి గోడ మీద గోధుమ రంగు పొర గరుకు తువ్వాలులా అంటుకుని ఉంది. అది నెక్రోటిక్ ఎంటరైటిస్, అంటే పేగు లోపలి గోడ చచ్చిపోయే జబ్బు. ఐమీరియా పరాన్నజీవులు పేగు గోడను గాయపరిస్తే, ఆ గాయాల్లోంచి కారే ప్రోటీన్లు క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ బ్యాక్టీరియాకు విందు అవుతాయని, అది విడుదల చేసే విషమే కోడిని చంపుతుందని ఆయన వివరించాడు. ఆయన రాసిచ్చిన యాంటీబయాటిక్‌ను తాగునీటిలో ఇచ్చి, మందు ప్రభావం మాంసంలో మిగలకుండా ఆగవలసిన రోజులు ఆగి, ఆ బ్యాచ్‌ను ఆలస్యంగా అమ్మాను. జబ్బు చేసిన కోడికి వైద్యుడి చేతి మీదుగా మందు ఇవ్వడం, ఎదుగుదల కోసం రోజూ దాణాలో కలపడం ఒకటి కావు; ఆ తేడా తెలియక మందు ఇవ్వడానికి వెనకాడి ఉంటే నష్టం ఇంకా పెద్దదయ్యేది. అప్పటి నుంచి మొక్కల సారం ఎంత మంచిదైనా కాక్సీడియా నివారణను దానికి అప్పగించలేదు.

నీటిలో కలిపే ద్రవరూపం ఒక్క బ్యాచ్‌తోనే మానేశాను. నూనె నీటిలో కలవదు కాబట్టి, కలిపిన కాసేపటికే ట్యాంకులో పైకి తేలింది. నాలుగో రోజుకి నిపుల్స్ జిగురుపట్టి, కొన్ని కారిపోయి కొన్ని మూసుకుపోయి, లిట్టర్ మళ్లీ మొదటికి వచ్చింది. వెల్లుల్లి, పసుపు సొంతంగా నూరి కలిపే పద్ధతినీ ఒకసారి ప్రయత్నించాను. చేతులు పచ్చబడటం తప్ప చెప్పుకోదగ్గది జరగలేదు. పసుపులోని కర్‌క్యుమిన్ పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. పైగా మొక్క రకాన్ని బట్టి, కోసిన కాలాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి సారం మారిపోతుంది కాబట్టి ప్రతి బస్తాకూ ఒకే మోతాదు పడిందని చెప్పలేం. మోతాదు ఎక్కువైతే ఘాటుకు కోళ్లు మేత తగ్గిస్తాయి కూడా.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. యాంటీబయాటిక్ మానేసిన భయంతోనే బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డును ఎక్కువ రోజులు ఖాళీగా ఉంచడం, నీటి లైన్లను లోపలి నుంచి కడగడం, తడి లిట్టర్‌ను ఏ రోజుకారోజు తీసివేయడం మొదలుపెట్టాను. నా కోళ్లు బాగుండటంలో సారం వాటా ఎంతో, ఈ పనుల వాటా ఎంతో నాకే స్పష్టంగా లేదు. సారాన్ని యాంటీబయాటిక్‌తో పోల్చాను, ఒక సారాన్ని ఇంకో సారంతో పోల్చాను. ఏమీ కలపని దాణాతో మాత్రం ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ పోల్చలేదు. వచ్చే బ్యాచ్‌లో, కాక్సీడియా నివారణ మందును రెండు షెడ్లకూ అలాగే ఉంచి, గాలి బాగా తగిలే రెండో షెడ్డు దాణాలో మాత్రం గుళికలు ఆపుతున్నాను. ఆ తర్వాతి బ్యాచ్‌లో షెడ్లు తారుమారు చేస్తాను.