మట్టి లాడ్జి, తోలు గుడారం, చెమట లాడ్జి: ఏది మేలు?

అమెరికాలో మిస్సోరీ నది ఎగువన, ఇప్పటి నార్త్ డకోటా రాష్ట్రంలో, చలి ముదిరితే మైనస్ 30 డిగ్రీలకు కూడా దిగుతుంది. ఆ మైదానాల్లో అక్కడి ఆదివాసుల ఇళ్లు, అంటే లాడ్జిలు, రెండు రకాలవి వందల ఏళ్లు పక్కపక్కనే నిలిచాయి. మాండన్, హిడాట్సా, అరికరా జాతులది గుండ్రటి మట్టి లాడ్జి. లకోటా, షయెన్, క్రో, బ్లాక్‌ఫీట్ జాతులది టిపి అనే తోలు గుడారం. గాలి ఒకటే, మంచు ఒకటే, వేటాడే బైసన్ (అమెరికా అడవి దున్న) మందలూ ఒకటే. అందుకే ఇల్లుగా ఏది మేలో తూచి చూడడానికి ఈ జోడీ కంటే మంచిది దొరకదు.

మట్టి లాడ్జికి నడుమ నాలుగు లావాటి కాటన్‌వుడ్ స్తంభాలు, వాటి చుట్టూ పొట్టి స్తంభాల వలయం ఉంటాయి. పైన వాసాలు, వాటి మీద విల్లో కొమ్మలు, ఎండుగడ్డి, ఆఖరున మందంగా మట్టి. ఈ గోడ నుంచి ఆ గోడకు 30 నుంచి 60 అడుగులు. ఒక్కోదాంట్లో పదిపదిహేను మంది కాపురం ఉండేవారు. చలి మరీ ఎక్కువైతే ఇష్టమైన గుర్రాన్ని కూడా లోపలికే తెచ్చి కట్టేసేవారు. నేలలో మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా తవ్విన పాతరలుండేవి. మొక్కజొన్న, చిక్కుడు గింజలు, ఎండబెట్టిన గుమ్మడి ముక్కలు వాటిలోకి వెళ్లేవి. పొగ పోయే కంతలోంచి వాన పడితే తోలు పడవను తెచ్చి దాని మీద బోర్లించేవారు. ఇల్లు ఆడవాళ్ల ఆస్తి. మాండన్, హిడాట్సా ఇళ్లలో అల్లుడు ఇల్లరికం రావడమే ఆనవాయితీ.

వెచ్చదనం, జాగా, నిల్వ అనే మూడింటిలోనూ మట్టి లాడ్జిదే పైచేయి. దాని ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. సుమారు పదేళ్లకు స్తంభాలు పుచ్చిపోతాయి, మళ్లీ కట్టుకోవాలి. ఊరి చుట్టూ కలప, వంటచెరకు తరిగిపోతూ ఉంటాయి. నది పైనున్న గట్టు మీద గాలి కోత భరించలేక, శీతాకాలం పల్లంలోని చెట్ల మధ్య చిన్న లాడ్జిలు కట్టుకుని అక్కడికి దిగేవారు. అన్నిటికంటే పెద్ద ముప్పు ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండడం. 1837లో స్టీమర్ మీద మశూచి వచ్చింది. సుమారు 1,600 మంది మాండన్లలో మిగిలింది 200 లోపే. టిపిలో ఉన్నవాళ్లు చెల్లాచెదురై తప్పించుకునే వీలుంది అనిపిస్తుంది గానీ, ఆ ఏడాది బ్లాక్‌ఫీట్లు కూడా వేలల్లో పోయారు. కాబట్టి ఈ ఒక్క లెక్కతో టిపిని గెలిపించలేం.

టిపి గెలిచేది కదలికలో. లకోటా, షయెన్ ఆడవాళ్లు మొదట మూడు గుంజలు కట్టి నిలబెడతారు, క్రో, బ్లాక్‌ఫీట్ వాళ్లు నాలుగు. మిగతా గుంజలు వాటికి ఆనించి, బైసన్ తోళ్లు కుట్టిన కప్పు చుడతారు. అలవాటున్న చేతులకు గంట కూడా పట్టదు. ఈ శంకువు చూడ్డానికి నిటారుగా ఉన్నట్టే ఉంటుంది కానీ, గాలి వచ్చే వెనకవైపు నిలువుగా, ముందువైపు కాస్త ఏటవాలుగా నిలబెడతారు. పైన రెండు పొగ రెక్కలను బయటి గుంజలతో గాలివాటాన్ని బట్టి తిప్పుతారు. లోపల కట్టే అస్తరు తోలు వల్ల చలిగాలి మనుషులకు తగలకుండా పైకి వెళ్లి పొగను లాక్కుపోతుంది. ఇంత తెలివైన పొయ్యి ఏర్పాటు చాలా ఇటుక ఇళ్లలో కూడా ఉండదు. ఇది కూడా ఆడవాళ్ల సొత్తే. లోపమల్లా ముడిసరుకే. చెట్లు తక్కువున్న చోట నిటారు గుంజలు దొరకవు, ఉన్నవి లాగగా లాగగా అరిగిపోతాయి. 1880ల తొలినాళ్లకు బైసన్ మందలను ఊచకోత కోసేయడంతో తోళ్లు పోయి కాన్వాసు గుడ్డ వచ్చింది.

అసలు తీర్పు ఆ రెండూ వాడిన వాళ్లే చెప్పారు. మాండన్లు, హిడాట్సాలు, నెబ్రాస్కా వైపు పానీలు పంట కాలంలో మట్టి లాడ్జిలో ఉండి, దూరపు వేటకు వెళ్లేటప్పుడు టిపిలు వెంట తీసుకెళ్లేవారు. ఒక్కటే ఎంచుకోమని నన్ను నిలదీస్తే మట్టి లాడ్జికే ఓటేస్తాను. పాతర నిండా తిండి ఉన్న ఇల్లు మరి.

తూర్పున హోడినోషోనీల (ఇరోక్వాయ్ జాతుల కూటమి) పొడుగు లాడ్జి, అంటే లాంగ్‌హౌస్, మరో తరహా. ఎల్మ్ బెరడు కప్పిన ఈ ఇంటి వెడల్పు దాదాపు 20 అడుగులు. పొడవు మాత్రం కుటుంబాల సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఇప్పుడు వాటిలో ఎవరూ కాపురం ఉండడం లేదు కానీ, పూజలకూ సభలకూ లాంగ్‌హౌస్ ఇంకా బతికే ఉంది.

ఇక వ్యాపారం సంగతి. మాండన్, హిడాట్సా ఊళ్లు పెద్ద సంతల్లాంటివి. వేటగాళ్లు మాంసం, తోళ్లు తెచ్చి మొక్కజొన్న పట్టుకుపోయేవారు. గుర్రాలు, తుపాకులు కూడా అక్కడే చేతులు మారేవి. శత్రుజాతి వాడైనా లాంఛనంగా దత్తత చేసుకుని బంధువును చేసుకున్నాకే బేరం సాగేది. 1804-05 చలికాలం అక్కడే గడిపిన లూయిస్, క్లార్క్ అన్వేషక బృందానికి కూడా ఆ ఊళ్ల మొక్కజొన్నే ఆధారం. బదులుగా బృందంలోని కమ్మరులు గొడ్డళ్లు చేసిచ్చారు.

దీని పక్కన 1913లో మోంటానాలో గ్రేట్ నార్తర్న్ రైల్వే తెరిచిన గ్లేసియర్ పార్క్ లాడ్జిని పెట్టి చూడండి. హాల్లో బెరడు కూడా ఒలవని ఎత్తైన డగ్లస్ ఫర్ మానులు, మెత్తటి పరుపులు, కిటికీలోంచి కొండలు. సౌకర్యంలో దానికి సాటి లేదు. అయితే హోటల్ ముందు పచ్చిక మీద బ్లాక్‌ఫీట్ల చేత టిపిలు వేయించి, రైలు దిగిన అతిథులను వాళ్ల చేతే ఆహ్వానింపజేసేది కంపెనీ. ఆ రోజుల్లోనే, 1883 నాటి ప్రభుత్వ నియమాల ప్రకారం సూర్యనృత్యం వంటి క్రతువులు నేరం. గుడారం కనబడితే ఫొటో, అందులోని వాళ్లు మొక్కుకుంటే శిక్ష! ఒక రాత్రి పడుకోవడానికైతే రైల్వే లాడ్జి మేలు. ఇంటివాడికీ అతిథికీ సమాన గౌరవం ఉండాలంటే మట్టి లాడ్జి ఊరే మేలు.

క్రతువు విషయంలో నా లెక్క తలకిందులవుతుంది. మాండన్ల ఓకిపా నాలుగు రోజులు సాగే మహా క్రతువు. దానికి ఊరి నడిబొడ్డున ప్రత్యేకమైన పెద్ద లాడ్జి కావాలి, ఎదుట మైదానం కావాలి, ఊరంతా కావాలి. ఊరే చెదిరిపోయాక 19వ శతాబ్దం చివరికి అది ఆగిపోయింది. లకోటాల ఇనీపి, అంటే చెమట లాడ్జి, అలా కాదు. వంచిన విల్లో కర్రలు, పైన తోళ్లో దుప్పట్లో, కాల్చిన రాళ్లు, నీళ్లు ఉంటే చాలు. వంగి దూరాల్సిన గుమ్మం, లోపల చీకటి, ఆవిరి, పాట, ప్రార్థన. అధికారి కంటపడకుండా ఏ వాగు ఒడ్డునైనా కట్టుకోవచ్చు, విప్పేయొచ్చు. నిషేధాల కాలాన్ని అది దాటడానికి ఈ తేలికదనం బాగా కలిసొచ్చింది. 1978లో మత స్వేచ్ఛ చట్టం వచ్చాక అమెరికా జైళ్లలోనూ దానికి చోటు దొరికింది.

18వ శతాబ్దపు లండన్ ఫ్రీమేసన్లు కూడా ఇదే కిటుకు పట్టుకున్నారు. వాళ్లదొక గోప్య సోదర సంఘం, దాని శాఖనూ లాడ్జి అనే అంటారు. సారాయి అంగడి పైగది అద్దెకు తీసుకుని, నేల మీద సుద్దతో బొమ్మ గీసి క్రతువు జరిపి, తర్వాత తుడిచేసేవారు. భవనాలు వాళ్లకు తర్వాత వచ్చాయి.

చెమట లాడ్జి చెడేది దాన్ని సరుకు చేసినప్పుడే. 2009 అక్టోబరులో అరిజోనాలోని సెడోనా దగ్గర ఒక వ్యక్తిత్వ వికాస గురువు, మనిషికి 9,000 డాలర్లకు పైగా వసూలు చేసిన శిబిరంలో, పెద్ద చెమట లాడ్జి వేయించి యాభై మందికి పైగా జనాన్ని ఒకేసారి కూర్చోబెట్టాడు. ముగ్గురు చనిపోయారు. 2011లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. సంప్రదాయం తెలిసిన లకోటా పెద్దలు ఇనీపికి రుసుము పెట్టరు, కాబట్టి లోపలికి వెళ్లే ముందు ధరల పట్టిక కనబడితే వెనక్కి తిరిగి రావడమే మేలు.