వార్డెన్ల గుట్టు: దాచడమా, చెప్పడమా?

‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ (2009) అనే వీడియో గేమ్ మీద విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మా బావమరిదితో వాదన. అందులో డార్క్‌స్పాన్ అనే రాక్షస మూకని నడిపే డ్రాగన్ ఆర్చ్‌డీమన్. దాన్ని వార్డెనే (ఆ మూకతో పోరాడే యోధుల దళంలోని మనిషే) చంపాలి. లేకపోతే దాని ఆత్మ దగ్గర్లోని డార్క్‌స్పాన్‌లో దూరి మళ్లీ లేస్తుంది. చంపిన వార్డెనూ పోతాడు. ఈ గుట్టు వార్డెన్లు దాచాలా, చెప్పాలా అన్నదే మా వాదన.

దాచడం: “ముందే సెప్పేస్తే ఎవుడు సేరతాడు బావా?” సబబే.

చెప్పడం: నా ఓటు దీనికే. వార్డెన్లే ఎందుకో తెలియని సేనాపతి లోగెయిన్, ఆస్టగార్ యుద్ధంలో రాజుతోపాటు వాళ్లనీ గాలికొదిలేశాడు. బతికి మిగిలిన ఇద్దరు వార్డెన్లూ కొత్తవాళ్లు. వాళ్లకీ ఆ ముక్క తెలీదు. రియోర్డన్ అనే సీనియర్ వార్డెన్ చివర్లో వచ్చి చెప్పబట్టి సరిపోయింది. పసరు గుట్టు కొడుక్కీ చెప్పకుండా పోయిన నాటువైద్యుడి తంతే ఇది. (పాము కరిస్తే మాత్రం తిన్నగా పెద్దాసుపత్రికే పదండి.) చావు సంగతి దాచుకోనీ, వార్డెనే ఎందుకన్నది రాజుకైనా చెప్పొద్దూ?