డాక్టరుకి పది మార్కులు, బిల్లు కౌంటరుకి మూడు

భీమవరంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి, పేరు రాయను. అమ్మకి షుగరు, బొటనవేలి కింద పుండు మానక రాజోలు నుంచి చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు మీదుగా తీసుకెళ్ళాం. మా ఊరి ఆర్ఎంపీ గారు అక్కడికే పంపారు, ఇంకోచోట వాకబు చేసే ఓపిక కూడా లేదప్పుడు.

డాక్టరు గారికి వంక పెట్టలేను. పుండు ఒక్కటే చూసి వదిలేయలేదు, రెండు పాదాలూ పట్టుకుని సన్నటి నైలాను పోగు అక్కడక్కడా ఆనిస్తూ, కళ్ళు మూసుకోమని "తెలుస్తోందా మామ్మగారూ?" అని అడిగారు. రెండు మూడు చోట్ల అమ్మకి తెలియనేలేదు. షుగరుతో నరాలు మొద్దుబారితే ముల్లు దిగినా నొప్పుండదట, అందుకే రోజూ అరికాళ్ళు చూసుకోమని, చేను గట్టు మీదకైనా చెప్పుల్లేకుండా వెళ్ళొద్దని అమ్మకే చెప్పారు, నాకు కాదు. డ్రెస్సింగ్ సిస్టరయితే "కాస్త మండుద్దండి, ఆయ్, అయిపోయిందండి" అంటూ మాటల్లో పెట్టి పని కానిచ్చేసేది.

ఇక డిశ్చార్జి. పొద్దున్నే వెళ్ళిపోవచ్చన్నారు, బిల్లు చేతికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. కౌంటర్లో ఫార్మసీ క్లియరెన్స్ రాలేదంటారు, ఫార్మసీలో వార్డు నుంచి మిగిలిన మందులు వెనక్కి రాలేదంటారు, వార్డులో ఎప్పుడో పంపేశాం అంటారు. పాపం అమ్మ ఆ చక్రాల కుర్చీలోనే కునుకు తీసింది. బిల్లులో గ్లవ్స్ లెక్కేంటని అడిగితే "సిస్టంలో అలాగే వస్తుందండి" అట!

1988లో పరశురామన్, జైథమల్, బెర్రీ అనే ముగ్గురు ప్రొఫెసర్లు సేవల నాణ్యత కొలవడానికి సర్వ్‌క్వాల్ అని ఒకటి తెచ్చారు. హంగులు, అన్నమాట నిలబెట్టుకోవడం, అడగ్గానే పలకడం, భరోసా, మనిషిని పట్టించుకోవడం అని అందులో ఐదు ఉంటాయి. ఈ ఆసుపత్రి వాళ్ళు డబ్బంతా మొదటిదానికే పోసినట్టున్నారు, హాల్లో ఏసీ, గ్రానైటు, చేపల తొట్టె కూడానూ. రెండోదీ మూడోదీ కౌంటరు దగ్గరే పోయాయి. చివరి రెండూ ఆ డాక్టరూ సిస్టరూ కాపాడుతున్నారు.

అయినా డ్రెస్సింగుకి మళ్ళీ అక్కడికే వెళ్తున్నాం. అది చూసి యాజమాన్యం మురిసిపోనక్కర్లేదు. ఫైలు అక్కడుంది, డాక్టరు అక్కడున్నారు, అంతే. రేపు ఆయన తాడేపల్లిగూడెంలో బోర్డు పెడితే మా కారూ అటే తిరుగుతుంది, మా ఆర్ఎంపీ గారి చీటీ కూడా.

వెళ్ళేవాళ్ళు డిశ్చార్జి ముందురోజు రాత్రే వాడని మందులు ఫార్మసీకి పంపించారో లేదో వార్డులో గట్టిగా అడగండి, సగం టెన్షన్ తగ్గుతుంది. క్యాంటీన్లో ఇడ్లీ పర్లేదు, కాఫీ మాత్రం బయట తాగండి.