మేత వేసి పిలవాలా, వచ్చినప్పుడు చూడాలా?

గువ్వలచెరువు దగ్గర కారు ఆపి పాలకోవా పొట్లం విప్పామో లేదో, కోతి బానెట్ ఎక్కి కూర్చుంది. కారు ఆగితే తిండి దొరుకుతుందని దానికి మనవాళ్లే నేర్పారు. కడపలో ఉండి, సొరచేపలకు మేత వేసి పర్యాటకులకు చూపించడం గురించి ఆలోచిస్తే నాకు ఆ కోతే గుర్తొస్తుంది.

ఫిలిప్పీన్స్‌లోని ఒస్లోబ్‌లో జాలర్లు తిమింగల సొరచేపలకు పడవ మీంచి చిన్న రొయ్యలు వేస్తారు. దాదాపు రోజూ కనిపిస్తాయి, ఊరికి నాలుగు డబ్బులు. కానీ ఎక్కడెక్కడో తిరగాల్సిన చేప మేత కోసం పడవల చుట్టూనే తచ్చాడుతుంది, ఒళ్లు గీసుకుపోతుంది. అదే దేశంలో డోన్సోల్‌లో మేత వేయరు. సీజన్‌లో వెళ్లాలి, కనబడితే అదృష్టం. నా ఓటు దీనికే.

ఫిజీ దగ్గరికొస్తే మాత్రం తడబడతాను. అక్కడ షార్క్ రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర బుల్ షార్క్ అనే రకం సొరచేపలకు నేరుగా చేప ముక్కలు అందిస్తారు. వాటిని చూడ్డానికి నీట మునిగే డైవర్లు కట్టే రుసుము, ఆ చోట చేపల వేట మానుకున్న పల్లెలకు వెళ్తుంది. మరోవైపు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2002 నుంచి తన జలాల్లో డైవర్లు మేత వేయడాన్నే నిషేధించింది. మన పాలకోవాతో అడవికి పైసా రాదు. ఫిజీలో ఆ చోట వేట ఆగింది. ఆ తేడాను కొట్టిపారేయలేను.