ఎండాకాలం గాలానికి ఏది మేలు: కొలాబా, చిత్రకొండా?

ఏప్రిల్ వచ్చిందంటే ఒడిశాలోని మా జయపురంలో గాలం పిచ్చి ఉన్నవాళ్ళ మధ్య ఇదే వాదన. పక్కనే కొలాబ్ రిజర్వాయర్ ఉండగా అంత దూరం ఎందుకని ఒకరు, పెద్ద చేప కావాలంటే చిత్రకొండ (బలిమెల) రిజర్వాయర్‌కే పోవాలని ఇంకొకరు. నా మాట ముందే చెప్పేస్తాను. ఒడ్డున కూర్చుని గాలం వేసేవాళ్ళకు మే నెల సగం దాకా కొలాబే మేలు. రెండు మూడు గట్టి వానలు పడ్డాక, నాటు పడవ, ఆ నీళ్ళు ఎరిగిన మనిషి తోడు ఉంటే అప్పుడు చిత్రకొండ.

కొలాబ్‌ను మెచ్చుకునేవాళ్ళు చెప్పే మొదటి కారణం చల్లదనం. అది నిజమే. కొలాబ్ నిండితే నీటిమట్టం సముద్రానికి 858 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిత్రకొండది 462 మీటర్లే. ఇంచుమించు 400 మీటర్ల తేడా అంటే గాలిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. కానీ ఇక్కడో మెలిక ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఆ లెక్కన కూడా నీళ్ళలో కరిగేది తగ్గుతుంది. చల్లదనం వల్ల కొలాబ్‌కు వచ్చే లాభంలో చాలా వంతు ఎత్తు మింగేస్తుంది. చల్లగా ఉంటే మనకు హాయి, అంతే. చేపకు అంత తేడా ఉండదు.

అసలు తేడా నీళ్ళు దిగే తీరులో ఉంది. కరెంటు తీయాలంటే కొలాబ్‌లో కనీసం 844 మీటర్లు ఉండాలి. అంటే నిండుకీ కనీసానికీ మధ్య 14 మీటర్లు. చిత్రకొండ లెక్క అడుగుల్లో చెబుతారు: నిండితే 1,516, కనీసం 1,440. ఆ 76 అడుగులు 23 మీటర్లకు పైనే. ఏటా అంత కిందికీ పోతుందని కాదు. కానీ ఆ నీళ్ళలో ఒడిశాకు సగం, ఆంధ్రకు సగం. మనవైపు వాటా బలిమెల పవర్‌హౌస్ దాటి పొట్టేరు కాలువలకు పోతుంది, వాళ్ళ వాటా సీలేరు దిగుతుంది. రెండు వైపులా ఒకేసారి వాడితే మట్టం తొందరగా దిగుతుంది. నిన్న మేత చల్లిన చోటు ఇవాళ ఎండి ఉంటుంది. తవుడు, వేరుశనగ చెక్క కలిపి నాలుగు రోజులు ఒకేచోట వేసి చేపను అలవాటు చేద్దామనుకునేవాడికి అంతకంటే టెన్షన్ ఏముంది?

మట్టం దిగితే చేప ఒకచోటికి చేరుతుంది కదా అంటారు. వలవాళ్ళకు అది లాభమే. గాలంవాడికి అంత లాభం లేదు, ఎందుకంటే చేరిన చేప ఒడ్డుకు రాదు. ఎండాకాలం పెద్ద నీళ్ళు పొరలుగా విడిపోతాయి. వేడెక్కిన నీళ్ళు తేలిక, పైన ఉంటాయి. బరువైన చల్లనీళ్ళు అడుగున ఉంటాయి, వాటికి గాలి తగలక ఊపిరి తగ్గిపోతుంది. చిత్రకొండలో వల కట్టే ఒక పెద్దాయన ఇదే ముక్కను ఇంకా తేలిగ్గా చెప్పాడు: "పైన ఉడుకు, అడుగున ఊపిరాడదు, చేప మధ్యలోనే ఉంటాది బాబూ." అందుకే డ్యామ్ గోడ దగ్గర లోతు ఎక్కువ కదా అని ఎరను అడుగుదాకా దింపడం వృథా. బెండును మూర మూరకూ జరుపుతూ చూడాలి. మూడు మూరల దగ్గర ఏమీ లేదా, నాలుగు చేయండి. బెండు ఒక్కసారిగా మునగడం కాదు, పక్కకు వాలి మెల్లగా జారితే అది శీలావతి (రోహు). దానికోసమే ఈ అవస్థంతా. బొచ్చె (కట్ల) ఇంకా పైన తిరుగుతుంది, మోసు (మృగాల) మాత్రం అడుగు వెతుక్కునే జాతి కాబట్టి ఎండాకాలం తక్కువ లోతుకు వస్తుంది.

వేళ విషయంలో చాలామంది నాలుగున్నరకే లేచి వెళ్ళిపోతారు. నాచు పట్టిన పచ్చటి మడుగుల్లో ఇది తప్పు. రాత్రంతా నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది, తెల్లవారే ముందు నీళ్ళలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ. చేప పైకి వచ్చి నోరు తెరుస్తుందే గానీ ఎర ముట్టదు. అలాంటి చోట ఎండ కాస్త పడనివ్వండి, ఏడు దాటాక మొదలుపెట్టండి. గాలి ఆడే వెడల్పు నీళ్ళలో మాత్రం వేకువే మంచిది.

కొలాబ్‌కూ ఒక పెద్ద లోపం ఉంది. ఒడ్డు వాలుగా ఉండటంతో మట్టం కొంచెం దిగినా నీళ్ళు చాలా దూరం పోతాయి. మధ్యలో బురద పైకి ఎండినట్టే కనిపిస్తుంది, కాలు వేస్తే మోకాలు దాకా దిగుతుంది. పశువులు నడిచిన దారి చూసుకుని వెళ్ళాలి. ఇక తిలాపియా బెడద సరేసరి, గోధుమపిండి ఉండ వేయగానే అది ముందు వచ్చి కొరికేస్తుంది.

చిత్రకొండ ఒడ్డు నిటారు, రాళ్ళు. పడవ లేకపోతే చేసేదేమీ లేదు. అడవి మునిగిన లోయ కాబట్టి మట్టం దిగాక మోళ్ళు నీటికి ఒక జానెడు కింద కనబడకుండా ఉంటాయి. తంగూసు తెగడం సంగతి అలా ఉంచి, పడవకే ప్రమాదం. మధ్యాహ్నం తర్వాత కొండల సందుల్లోంచి వచ్చే గాలివాన ముందు చెప్పి రాదు. మబ్బు నల్లబడితే కార్బన్ గాలపు కర్ర కింద పెట్టి ఒడ్డుకు వచ్చేయండి, పిడుగుకు అది మంచి దారి. 2018లో గురుప్రియ వంతెన వచ్చాక అవతలి గట్టుకు దారి సులువైంది, లేకపోతే లాంచీ కోసమే పూట గడిచేది. ఇన్ని కష్టాలకూ ఫలితం వాలుగ చేప. రాత్రిపూట చిన్న చేపను ఎరగా కట్టి వేస్తే అది పట్టిన పట్టు వేరు.

జోలాపుట్ రిజర్వాయర్ సంగతి కూడా అడుగుతారు. చిత్రకొండకు నీళ్ళిచ్చే నదికే ఎగువన, కొలాబ్ అంత చల్లని చోట, ఒక ఒడ్డు ఒడిశా, ఇంకో ఒడ్డు ఆంధ్ర. అందంలో దాన్ని మించింది లేదు, కానీ చేపకోసమే అయితే అక్కడిదాకా పోనక్కర్లేదు.

కూరకోసమే అయితే గాలం మానేసి కొనుక్కోవడం మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి గంజాం వైపు నుంచి వచ్చే సముద్రపు చేప తగ్గి, మార్కెట్లో ఐసు పెట్టెల్లో ఆంధ్ర చెరువుల చేప నిండుతుంది. రిజర్వాయర్ చేప కావాలంటే వల తీసే వేళకు ఒడ్డుకే వెళ్ళాలి.

ఎక్కడికి వెళ్ళినా ముందు స్థానిక మత్స్యకార సంఘాన్ని అడగండి, ఈ నీళ్ళు సాధారణంగా వాళ్ళకే లీజుకిస్తారు. తొలకరి పడి వాగులు ఎర్రనీళ్ళతో దిగగానే గుడ్లున్న శీలావతులు, బొచ్చెలు ఎదురెక్కుతాయి. చిత్రకొండలో వాగు కలిసే చోట అప్పుడు చేప తేలిగ్గా చిక్కుతుంది గానీ, అక్కడ మాత్రం గాలం వేయకండి. వాలుగ కోసం లోపలి నీళ్ళకే పొండి.