స్టట్‌గార్ట్‌లో 640 డాలర్ల కూతలు

ముందే చెప్తున్నా, నేను వేటగాణ్ణి కాదు. కైకలూరు వాణ్ణి, కొల్లేట్లో పరజ బాతులు దిగడం చూస్తూ పెరిగాను. బాతుల వేట పిచ్చి మా బావమరిదిది. థాంక్స్‌గివింగ్ సెలవులకి డాలస్ నుంచి ఆరు గంటలు డ్రైవ్ చేసి ఆర్కన్సాలోని స్టట్‌గార్ట్ వెళ్లాం. దారి పొడుగునా వాడు ఇరవై డాలర్ల ప్లాస్టిక్ డక్ కాల్ (బాతులా కూసి బాతుల్ని రప్పించే, లోపల సన్నటి రేకుండే పీక అనుకోండి) ఊదుతూనే ఉన్నాడు. టెక్సార్కానా దాటేసరికి మా ఆవిడ సొంత తమ్ముడితో మాటలు మానేసింది.

మొదటిరోజు గైడ్‌ని మాట్లాడుకున్నాం. మనిషికి 300 డాలర్లు. నేను తుపాకీ ముట్టను, చూడ్డానికే వస్తున్నానన్నా రేటు అంతేనట. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటుకి అద్దె ఇంకో 40, ఆ ముక్క ఫోన్లో చెప్పలేదు, పైగా దానికి మోకాలి దగ్గర చిల్లు. నీళ్లు నిలిచిన అడవిలో, చలికి వణుకుతూ చెట్టుకి ఆనుకుని నిలబడితే, ఆయన చీకట్లోంచే ఊదుడు మొదలుపెట్టాడు, ఇక ఆపితే ఒట్టు. మల్లార్డ్ బాతుల గుంపు రెండు చుట్లు తిరిగి రెక్కలు వంచి దిగబోతుంటే మళ్లీ గట్టిగా ఊదాడు, అంతే, లేచిపోయాయి. తప్పు నా కళ్లజోడు మెరుపుదట! తొమ్మిదింటికల్లా సర్దేసి టిప్పు అడిగాడు. మావాడికి దక్కింది ఒక్క బాతు.

మధ్యాహ్నం మెయిన్ స్ట్రీట్‌లో బాతుకూతల ప్రపంచ పోటీ చూశాం. 1936 నుంచి జరుగుతోంది, అప్పటి మొదటి బహుమతి 6.60 డాలర్ల వేట కోటు. ఒక్కొక్కరికీ 90 సెకన్లు. పక్కన నిలబడ్డ పెద్దాయన, వరి రైతు, నవ్వి "ఇవి జడ్జీల కోసం, ఇలా ఊదితే బాతు పారిపోతుంది" అన్నాడు. మావాడు పొద్దుటి కథంతా చెప్పుకుంటే, రేపు మా చేలోకి రండి అన్నాడు.

కోత అయ్యాక ఆ చేలో నీళ్లు పెట్టి ఉంచుతారు, చూస్తే అచ్చం మా ఊరే. గోతిలో దాక్కున్నాం. ఆయన దగ్గర అరిగిపోయిన చెక్క కాల్. బాతులు తోక చూపించి వెళ్లిపోతుంటేనే ఐదారు కూతలు, మొదటిది గట్టిగా, తర్వాతవి తగ్గిస్తూ. ఇటు తిరిగాయా, కాల్ జేబులో పెట్టేసి, ఉత్తుత్తి బాతులకి కట్టిన తాడు లాగి నీళ్లు కదిలించేవాడు. 'క్వాక్' అనేది ఆడబాతేనట, మగదానిది బొంగురు గొంతు. ఫోన్లో రికార్డింగ్ పెడదామా అని మావాడు అడిగితే, అది నేరం బాబూ అని ఒక చూపు చూశాడు. ఎనిమిదింటికి నాలుగు దక్కాయి.

పైసా తీసుకోలేదు. వాళ్లావిడ బాతుమాంసం గంబో వండి అన్నంలో పోసింది, చింతపండు లేని పులుసులా ఉంది, మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. వెళ్తే గైడ్‌కి డబ్బు కట్టేముందు అద్దెలన్నీ రాయించుకోండి, బాతుల వేటకి కావాల్సిన 25 డాలర్ల ఫెడరల్ స్టాంపు మర్చిపోకండి. తిరుగు ప్రయాణంలో ప్లాస్టిక్ కాల్ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది, ఇంకా ఇవ్వలేదు.